యాభై రూపాయల టీకా – మేడ్చల్ చరిత్రలో ఒక అధ్యాయం

మన సంఘం ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంపాదకవర్గం వారు కోరారు. చరిత్ర అనగానే కోటలు, గుళ్ళు, సంస్థానాలు, పోరాటాలు గుర్తుకొస్తాయి. వాటి గురించి నాకంటే బాగా తెలిసిన పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. నేను ఆరోగ్య శాఖలో సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరైన వాణ్ణి. నా చేతికి తెలిసిన చరిత్ర టీకాల చరిత్ర. అందుకని మేడ్చల్ దగ్గర తయారై దేశమంతా వెళ్ళిన ఒక టీకా గురించి, దాన్ని తెచ్చిన శ్రీ కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారి గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

మన ప్రాంతం అప్పుడు

మేడ్చల్, శామీర్‌పేట రెండూ 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. 2016లో కొత్త జిల్లాలు వచ్చాక మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి మారాయి. నాగపూర్ రోడ్డు మీద మేడ్చల్, కరీంనగర్ రోడ్డు మీద శామీర్‌పేట. ఈ రెండు రోడ్ల మధ్య ఒకప్పుడు ద్రాక్షతోటలు, కూరగాయల మళ్ళు, చెరువు కింద వరి. సికింద్రాబాద్ మార్కెట్‌కు తెల్లవారకముందే గంపలు వెళ్ళేవి. పట్నం వాళ్ళు ఆదివారం నాడు శామీర్‌పేట చెరువు గట్టు మీదికి, జింకల పార్కుకి వచ్చేవారు. ఈ పొలాల మధ్య నుంచి ప్రపంచానికి మందులు వెళ్తాయని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాళ్ళం.

ఆ రోజుల్లో పల్లెల్లో కామెర్లంటే పసరు మందే. ఫలానా ఊళ్ళో ఫలానా వారు ఆకు పసరు ఇస్తారని జనం తెల్లవారుజామునే పరగడుపున బయలుదేరేవారు. కామెర్లన్నీ ఒకటి కావని, నీళ్ళ ద్వారా వచ్చేవి కొన్ని, రక్తం ద్వారా వచ్చేవి కొన్ని అని మేం చెబితే వినేవారు తక్కువ. నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు చాలామందికి వాటంతట అవే తగ్గుతాయి. పేరు పసరుకు వస్తుంది. హెపటైటిస్-బి అలా కాదు. అది రక్తం ద్వారా, సరిగా శుద్ధి చేయని సూదుల ద్వారా, కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. పెద్దవారికి సోకితే నూటికి తొంభై అయిదుగురు బయటపడతారు. పసిబిడ్డకు సోకితే లెక్క తిరగబడుతుంది. నూటికి తొంభై మందిలో ఆ వైరస్ జీవితాంతం ఉండిపోతుంది. బిడ్డ ఆరోగ్యంగానే పెరుగుతాడు, బడికి పోతాడు, ఉద్యోగం చేస్తాడు, నలభై ఏళ్ళకు లివరు గట్టిపడిందనో క్యాన్సరనో తెలుస్తుంది. మన దేశంలో ఇలా వైరస్‌ను మోస్తున్నవారు సుమారు నాలుగు కోట్లని అంచనా.

టీకా ఉంది, ధర అందదు

ఈ వైరస్ జాడను 1960లలో అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లూమ్‌బర్గ్ కనిపెట్టారు. 1976లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1981లో మొదటి టీకా వచ్చింది గాని, దాన్ని మనిషి రక్తం నుంచి తీయాలి. 1986లో జన్యు విధానంలో, ఈస్టు కణాల్లో తయారు చేసిన టీకాకు అమెరికాలో అనుమతి వచ్చింది. 1992లో ప్రపంచ ఆరోగ్య సభ 1997 నాటికల్లా అన్ని దేశాలూ ఈ టీకాను తమ జాతీయ కార్యక్రమాల్లో చేర్చాలని తీర్మానించింది.

తీర్మానం బాగానే ఉంది. మన దగ్గర దిగుమతి టీకా ఒక్క డోసు ఏడెనిమిది వందల రూపాయలు. మూడు డోసులు వేయాలి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఆరు డోసులు. డోసు 750 రూపాయలనుకున్నా 4,500 రూపాయలు. అప్పటి మన జీతాలు ఎంతో పాఠకులకు గుర్తు చేయనక్కరలేదు. మా శాఖలోనే రక్తం నమూనాలు తీసే ల్యాబ్ టెక్నీషియన్లు, కాన్పులు చేసే నర్సులు, గాజు సిరంజిలు స్టెరిలైజర్లో ఉడకబెట్టి తీసే సిబ్బంది ఈ జబ్బుకు అందరికంటే దగ్గరగా ఉండేవారు. వారిలో సొంత డబ్బుతో టీకా వేయించుకోగలిగిన వారు బహు తక్కువ. ఎవరికి అవసరమో వారికి అందని మందు ఉన్నా లేనట్టే అని మేం అనుకునేవాళ్ళం.

ఉద్యోగం వదిలిన ఇంజనీరు

వరప్రసాద్ రెడ్డి గారు 1948లో నెల్లూరు జిల్లాలో వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగ్. డాక్టరు కాదు, జీవశాస్త్రం చదివిన వారూ కాదు. మనలాగే ప్రభుత్వ కొలువుతో మొదలుపెట్టారు. రక్షణ శాఖ పరిశోధనశాలలో శాస్త్రవేత్తగాను, ఆపైన రాష్ట్ర పారిశ్రామికాభివృద్ధి సంస్థలోను పనిచేశారు. తరువాత ఉద్యోగం వదిలి బ్యాటరీల పరిశ్రమలో భాగస్వామిగా చేరారు. అక్కడ అభిప్రాయ భేదాలు వచ్చి బయటికి వచ్చేశారు. నలభై దాటిన వయసు, చేతిలో కొంత డబ్బు, ముందు ఏం చేయాలో తెలియని స్థితి. ఆ సమయంలో జెనీవాలో టీకాల మీద జరిగిన ఒక సమావేశానికి వెళ్ళారు. హెపటైటిస్-బి మన దేశంలో ఎంతగా ఉందో, దాని టీకా ఎంత ఖరీదో అక్కడే మొదటిసారి విన్నారు.

తిరిగి వచ్చాక ఆ పరిజ్ఞానాన్ని కొనాలని ఒక విదేశీ కంపెనీని అడిగారు. వారు మోయలేని ధర చెప్పడమే కాక, ఈ పని మీ దేశం వల్ల అయ్యేది కాదన్నట్టు చులకనగా మాట్లాడారని ఆయన తరువాత పలు సభల్లో చెప్పుకున్నారు. ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. 1993లో హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. శాంత అనేది ఆయన తల్లి గారి పేరు.

పేరు పెట్టడం తేలిక, డబ్బు తేవడం కష్టం. జన్యు ఇంజనీరింగ్ టీకా అంటే ఇక్కడి బ్యాంకులకు కొత్త. తాకట్టు పెట్టడానికి భూమి, మిషనరీ చూపించాలి గాని సీసాలో ఉన్న ఈస్టు కణాలను చూపిస్తే ఏ మేనేజరు అప్పు మంజూరు చేస్తాడు? తన డబ్బు, బంధుమిత్రుల డబ్బు పెట్టారు. అవి చాలలేదు. ఆ దశలో ఆదుకున్నవారు ఒమన్ దేశపు విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ. ఆయన సగం వాటా తీసుకుని పెట్టుబడి పెట్టారు. మన పిల్లల టీకాకు మన బ్యాంకులకంటే ముందు ఎడారి దేశపు పెద్దమనిషి ముందుకొచ్చారన్నది ఈ చరిత్రలో మరువరాని సంగతి.

ఈస్టులో టీకా

ఈ టీకా ఎలా తయారవుతుందో పాఠకులకు టూకీగా చెప్పాలి. హెపటైటిస్-బి వైరస్ పైపొరలో ఒక ప్రోటీను ఉంటుంది. మన ఒంటికి ఆ పైపొర ఒక్కటి పరిచయమైతే చాలు, అసలు శత్రువు వచ్చినప్పుడు గుర్తుపట్టి ఎదుర్కొంటుంది. ఆ పైపొరను తయారు చేసే జన్యువును తీసి ఈస్టు కణంలో పెడతారు. ఈస్టు అంటే రొట్టెల పిండి పొంగడానికి వాడే దాని జాతి. పెద్ద స్టీలు పాత్రల్లో దానికి మేత పెట్టి పెంచితే, అది పెరుగుతూ ఈ ప్రోటీనును కూడా తయారు చేస్తుంది. విదేశీ కంపెనీలు రొట్టెల ఈస్టును వాడాయి. శాంతా వారు పిచియా అనే వేరే రకం ఈస్టును ఎంచుకున్నారు. ప్రోటీను తయారవడం ఒక ఎత్తు, వేలకొలది ఇతర పదార్థాల మధ్య నుంచి దాన్ని శుభ్రంగా విడదీయడం మరో ఎత్తు.

ఇక్కడ మనలాంటి ప్రభుత్వోద్యోగులు గర్వించదగిన సంగతి ఒకటుంది. ఈ పరిశోధన మొదట సాగింది ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, ఆ తరువాత తార్నాక దగ్గరి సీసీఎంబీలో. సొంత ప్రయోగశాల కట్టుకునే స్తోమత లేని కంపెనీకి ప్రజల డబ్బుతో కట్టిన ఆ సంస్థలు చోటిచ్చాయి. కేంద్ర ప్రభుత్వం 1996లో ఏర్పాటు చేసిన టెక్నాలజీ డెవలప్‌మెంట్ బోర్డు కూడా రుణం ఇచ్చింది. కాబట్టి ఇది ఒక్క మనిషి సాహసం మాత్రమే కాదు. విశ్వవిద్యాలయంలో జీతం తీసుకుని పాఠాలు చెప్పిన వారు, ప్రయోగశాలలో రాత్రిళ్ళు మేలుకున్న యువ శాస్త్రవేత్తలు, ఫైలు కదిలించిన గుమస్తాలు అందరూ ఇందులో ఉన్నారు.

పరిశోధన పట్నంలో జరిగినా ఫ్యాక్టరీ వెలిసింది మేడ్చల్ మండలం అత్వెల్లి గ్రామంలో. 1997 ఆగస్టులో 'శాన్‌వ్యాక్-బి' పేరుతో టీకా విడుదలైంది. జన్యు విధానంలో మన దేశంలోనే తయారైన మొట్టమొదటి హెపటైటిస్-బి టీకా ఇదే. డోసు ధర యాభై రూపాయలుగా పెట్టారు. పైన చెప్పిన ఇద్దరు పిల్లల ఇంటి లెక్క 4,500 నుంచి 300 రూపాయలకు దిగింది.

ధర దిగాక ఏం జరిగింది

మొదట విదేశీ కంపెనీలూ తమ ధరలు తగ్గించాల్సి వచ్చింది. ఆ తరువాత దేశంలోని ఇతర సంస్థలూ రంగంలోకి దిగాయి. రోటరీ, లయన్స్ క్లబ్బుల వారు, కాలనీ సంఘాల వారు టీకా శిబిరాలు పెట్టారు. కామెర్ల టీకా అని బ్యానర్లు కట్టడంతో, ఇది వేయించుకుంటే ఇక ఏ కామెర్లూ రావని జనం అనుకున్నారు. ఇది ఒక రకానికే పనిచేస్తుంది, నీళ్ళు మాత్రం కాచి తాగాలి అని మేం చెప్పీ చెప్పీ అలసిపోయేవాళ్ళం.

టీకా భద్రపరచడం కూడా మాకు కొత్త పాఠమే. పోలియో చుక్కలు గడ్డకట్టినా పరవాలేదు. ఇది గడ్డకడితే పనికిరాదు. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉంచాలి. ఐస్ ప్యాకులను ఫ్రీజర్లోంచి తీసి, చెమట పట్టేదాకా బయట ఉంచి, ఆ తరువాతే క్యారియర్లో పెట్టాలి. అనుమానం వస్తే సీసాను ఊపి, అడుగున మడ్డి ఎంత తొందరగా దిగుతుందో చూడాలి. ఇవన్నీ ఏఎన్ఎంలు పల్లె పల్లెకు నడిచి వెళ్తూ పాటించారు. టీకా కనిపెట్టిన వారికి బిరుదులు వచ్చాయి, రావాలి కూడా. దాన్ని ఎండలో చల్లగా మోసిన వారి పేర్లు ఎక్కడా లేవు.

ప్రభుత్వ కార్యక్రమంలోకి ఈ టీకా రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. 2002-03లో కొన్ని నగరాలు, జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. 2007-08లో ఆంధ్రప్రదేశ్‌తో సహా పది రాష్ట్రాలకు, 2011లో దేశమంతటికీ విస్తరించింది. ధర దిగకపోయి ఉంటే ఏటా పుట్టే కోట్లాది పిల్లలకు ఉచితంగా వేసే ఆలోచనే ఖజానాకు వచ్చేది కాదు. శాంతా వారి టీకాకు 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు రావడంతో యూనిసెఫ్ ద్వారా ఇతర దేశాల పిల్లలకూ అందింది. 2005లో కేంద్ర ప్రభుత్వం వరప్రసాద్ రెడ్డి గారిని పద్మభూషణ్‌తో సత్కరించింది.

శామీర్‌పేట వైపు

మేడ్చల్‌లో పడిన అడుగు శామీర్‌పేట వైపు బాటగా మారింది. 1996లో అమెరికా నుంచి తిరిగి వచ్చిన డాక్టర్ కృష్ణ ఎల్లా, శ్రీమతి సుచిత్ర ఎల్లా దంపతులు భారత్ బయోటెక్ స్థాపించారు. వారు కూడా తొలినాళ్ళలో హెపటైటిస్-బి టీకానే తయారు చేశారు. 1999లో రాష్ట్ర ప్రభుత్వం ఆ ప్రాంతానికి జీనోమ్ వ్యాలీ అని పేరు పెట్టింది. శామీర్‌పేట దాటాక తుర్కపల్లి చుట్టుపక్కల పరిశోధనశాలలు, టీకా కర్మాగారాలు వరుసగా వచ్చాయి. 1953లోనే హైదరాబాదులో మొదలైన బయోలాజికల్-ఇ కూడా అటువైపు విస్తరించింది. 2015లో పిల్లల విరేచనాలకు రోటావ్యాక్ విడుదల కావడం, 2021 జనవరిలో కరోనాకు కోవాగ్జిన్ అనుమతి పొందడం మనందరికీ తెలిసినవే. ఎల్లా దంపతులకు 2022లో పద్మభూషణ్ వచ్చింది. కరోనా కాలంలో మన పెన్షనర్లలో ఎందరో చేయి చాపి వేయించుకున్న టీకా మన పొరుగూరిదే.

చేతులు మారిన సంస్థ

చరిత్ర రాసేటప్పుడు తీపితో పాటు చేదూ చెప్పాలి. టీకా వ్యాపారానికి పెట్టుబడి నిరంతరం కావాలి. ఒమన్ పెట్టుబడిదారులు తమ వాటా అమ్ముకోవడంతో 2006లో ఫ్రాన్స్‌కు చెందిన మెరియో వారికి మెజారిటీ వాటా వెళ్ళింది. 2009లో అది సనోఫీ కంపెనీ చేతికి వచ్చింది. ఆనాడు శాంతాకు కట్టిన విలువ మూడున్నర వేల కోట్ల రూపాయలకు పైమాటే. మీ వల్ల కాదన్న విదేశీయుల ముందు నిలబెట్టిన సంస్థ చివరికి విదేశీ కంపెనీది కావడం నాలాంటి వారికి బాధ కలిగించింది. అమ్మకం వల్ల ఫ్యాక్టరీ మూతపడలేదు, ఉద్యోగాలు కొనసాగాయి. అయినా ఏ టీకా తయారు చేయాలి, ఏది మానాలి అన్న నిర్ణయం అత్వెల్లి నుంచి దూరంగా వెళ్ళిపోయింది.

దీనికి ఒక ఉదాహరణ కలరా టీకా. వియత్నాంలో మొదలై, దక్షిణ కొరియాలోని అంతర్జాతీయ టీకా సంస్థ మెరుగుపరచిన నోటి చుక్కల టీకాను శాంతా వారు 'శాంకాల్' పేరుతో 2009లో తెచ్చారు. కలకత్తా మురికివాడల్లో వేలాది మందిపై జరిగిన పరీక్షలో అయిదేళ్ళ పాటు నూటికి అరవై అయిదు పాళ్ళ రక్షణ ఇచ్చినట్టు తేలింది. భూకంపం తరువాత కలరాతో అల్లాడిన హైతీలో 2012లో దీన్ని వాడారు. 2022 చివరితో దీని ఉత్పత్తి ఆపుతున్నట్టు సంస్థ ప్రకటించింది. సరిగ్గా అదే సమయంలో అనేక దేశాల్లో కలరా పెరిగి, టీకా చాలక రెండు డోసులు వేయాల్సిన చోట ఒక్కటే వేయాల్సి వచ్చింది.

అలాగే అయిదు జబ్బులకు కలిపి వేసే టీకా 2010లో సీసాల్లో తెల్లటి మడ్డి కనిపించిన కారణంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు కోల్పోయింది. తయారీ సరిదిద్దుకుని 2014లో తిరిగి గుర్తింపు పొందింది. టీకాల పనిలో చిన్న తేడాను కూడా ఎవరూ క్షమించరు, క్షమించకూడదు.

దాతృత్వం

వరప్రసాద్ రెడ్డి గారు వ్యాపారంలో సంపాదించినదాన్ని తెలుగు భాషకు, సంగీతానికి, హాస్యానికి ఖర్చు పెట్టారు. 2001లో హాస్యం, సంగీతం కలిపి 'హాసం' అనే పత్రిక నడిపించారు. మన ఇళ్ళలో చాలామంది దాని పాత సంచికలు దాచుకున్నారు. సినిమా పాటల వెనుక కథలు, పాత హాస్య రచనలు, సంగీత విద్వాంసుల పరిచయాలు అందులో వచ్చేవి. లాభాల కోసం నడిపిన పత్రిక కాదది. కొన్నేళ్ళకు ఆగిపోయినా దాని పేరుతో ఊళ్ళలో హాసం క్లబ్బులు పుట్టాయి. రిటైరైన వారు నెలకొకసారి చేరి జోకులు చెప్పుకుని, పాటలు పాడుకుని ఇంటికి పోవడం వాటి పని. మందుబిళ్ళల కంటే ఇది మేలని నా అభిప్రాయం. తల్లి, భార్య పేర్ల మీద స్థాపించిన శాంతా-వసంతా ట్రస్టు ద్వారా రచయితలను, కళాకారులను సత్కరించారు.

ఇవన్నీ దానాలే. కాని నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద దానం ఈ జాబితాలో కనిపించదు. సభ పెట్టి, శాలువా కప్పి, చెక్కు ఇస్తే ఫోటో వస్తుంది. ఏడు వందల రూపాయల వస్తువును యాభైకి అమ్మితే ఫోటో రాదు. కొనుక్కున్న తల్లికి తాను దానం పుచ్చుకున్నట్టు కూడా తెలియదు. తన డబ్బు పెట్టి కొన్నానన్న గౌరవంతోనే ఇంటికి పోతుంది. అమ్మిన వారికీ నష్టం లేదు, పదిమందికి ఉద్యోగాలు వచ్చాయి. ఒక ట్రస్టు ఎన్ని కోట్లు పంచినా ఇంతమంది పిల్లలను చేరడం కష్టం. పెద్ద ఆసుపత్రుల యజమానులు, మందుల కంపెనీల వారు ఉచిత శిబిరాలు పెట్టడం సంతోషమే. దానితో పాటు తమ బిల్లులోని అంకెను కూడా ఒకసారి చూసుకుంటే, నెల పెన్షన్ సగం మందులకే పోయే మనవంటి వారు వారిని ఇంకా ఎక్కువగా తలచుకుంటారు.

పాఠకులకు మనవి

మీ ఇంట్లో మనవడో మనవరాలో పుడితే, పుట్టిన ఇరవై నాలుగు గంటల్లోపే హెపటైటిస్-బి మొదటి డోసు వేశారో లేదో అడగండి. ప్రభుత్వాసుపత్రిలో ఇది ఉచితం. కాన్పు హడావుడిలో మరచిపోయే వీలుంది. డయాలిసిస్ చేయించుకుంటున్న మిత్రులు, తరచు రక్తం ఎక్కించుకునే వారు ఈ టీకా విషయం తమ డాక్టరుతో తప్పక మాట్లాడాలి. ఇంట్లో ఎవరికైనా ఈ వైరస్ ఉన్నట్టు తేలితే మిగతావారందరూ రక్తపరీక్ష చేయించుకోవాలి. కలిసి భోంచేస్తే, పక్కన కూర్చుంటే ఇది అంటుకోదు. వారిని దూరం పెట్టనక్కరలేదు.

మరొక మనవి. ఉస్మానియాలో, సీసీఎంబీలో, పారిశ్రామికాభివృద్ధి సంస్థలో, మేడ్చల్, శామీర్‌పేట ఆరోగ్య కేంద్రాల్లో ఆ సంవత్సరాల్లో పనిచేసిన వారు మన సంఘంలోను, ఇతర సంఘాల్లోను ఉన్నారు. మీకు గుర్తున్నంత వరకు తేదీలతో సహా రాసి సంఘ కార్యాలయానికి పంపండి. ద్రాక్షతోటల ఆనవాళ్ళు ఇప్పటికే పోయాయి. ఈ టీకా కథ తెలిసిన వారు ఉండగానే అది కాగితం మీదికి రావాలి.